కొయ్య వేణువు కథ

పిల్లనగ్రోవి అనగానే మనకు వెదురు గుర్తుకు వస్తుంది. వెదురును లోపల తొలిచే పని ప్రకృతియే చేసిపెట్టినది. ఐరోపాలోని పనివారికి ఆ సదుపాయం లేకపోయినది. వారు గట్టి కొయ్యను లేతు యంత్రం మీద గుండ్రంగా చెక్కి, పొడవాటి బరమాలతో నడిమధ్య రంధ్రం తొలిచి వేణువులు చేసేవారు. అటువంటి వేణువు ఎట్లా ఉండవలెనన్న విషయంలో వాద్యకారుల కోరికలు కొన్ని అప్పటినుండి నేటివరకు పెద్దగా మారలేదు: అన్ని స్వరములు శ్రుతిలో పలకవలెను, మంద్రస్వరములు బలంగా రావలెను, ఊపిరి తగలగానే నాదం పుట్టవలెను. ఇవన్నీ ఒకే వాద్యంలో కుదరడమే కష్టం.

ఎందుకు కష్టమో చూతము. వేణువులో మ్రోగేది కొయ్య కాదు, లోపలి వాయుస్తంభం. వ్రేలు ఎత్తి ఒక రంధ్రాన్ని తెరిస్తే, ఆ స్తంభం దాదాపు అక్కడితో తెగిపోయినట్లవుతుంది. పొడవు తగ్గి స్వరం హెచ్చుతుంది. "దాదాపు" అనడానికి కారణం ఉన్నది. రంధ్రం పెద్దదైతేనే స్తంభం చక్కగా తెగుతుంది. చిన్నదైతే గాలి కదలిక దానిని దాటి ఇంకా క్రిందికి పోతుంది. స్వరం కొంత దిగుతుంది, నాదం మసకబారుతుంది. 18వ శతాబ్దపు వేణువులో రంధ్రములు ఉండవలసిన చోట ఉంటే వ్రేళ్ళు అందవు. అందుచేత పనివారు వాటిని నోటివైపు జరిపి, శ్రుతి పెరగకుండా చిన్నవిగా తొలిచేవారు. చేతికి అనుకూలమైనది, చెవికి నష్టమైనది.

ఈ చిక్కును విప్పినవాడు మ్యూనిక్ నగరవాసి థియోబాల్డ్ బోమ్ (1794–1881). అతడు కంసాలి పని నేర్చినవాడు, ఆస్థాన వేణువాదకుడు కూడా. 1831లో లండన్ వెళ్ళినప్పుడు చార్లెస్ నికల్సన్ వాద్యం విన్నాడు. నికల్సన్ వేణువు రంధ్రములు మామూలు వాటికన్న పెద్దవి. ఆ నాదబలం బోమ్‌ను కలవరపెట్టినది. మరుసటి సంవత్సరమే, 1832లో, అతడు కొత్త వేణువు చేసినాడు. అందులో ఆలోచన తలక్రిందులైనది: ముందు రంధ్రములను ధ్వనిశాస్త్రం చెప్పిన చోట పెట్టినాడు, తరువాత వ్రేళ్ళు వాటిని మూయగలుగుటకు ఉంగరములు, మీటలు అమర్చినాడు. మనిషి చేతిని బట్టి వాద్యం కాక, వాద్యాన్ని బట్టి యంత్రం వచ్చినది. నా దృష్టిలో అసలు విప్లవం ఇదే. తరువాత వచ్చిన లోహపు వేణువు కాదు.

అయినా బోమ్ అక్కడ ఆగలేదు. ఏబది ఏండ్లు దాటినవాడు మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో షాఫ్‌హాయ్‌ట్ల్ అనే ఆచార్యుని వద్ద ధ్వనిశాస్త్రం చదివినాడు. పాత వేణువు గొట్టం క్రిందికి పోనుపోను సన్నబడేది. 1847లో అతడు దానిని 19 మిల్లీమీటర్ల వ్యాసం గల సమ గొట్టంగా మార్చి, తలభాగాన్ని మాత్రం బిరడా వద్దకు 17 మిల్లీమీటర్లకు సన్నబరచినాడు. వ్రేళ్ళతో మూయలేనంత పెద్ద రంధ్రములకు మెత్తని అట్టలున్న మూతలు పెట్టినాడు.

వాద్యకారులందరూ సంతోషించినారా? లేదు. కొత్త మీటలు నేర్వవలసి వచ్చినది. లోహపు వేణువు నాదం తీవ్రంగా ఉన్నదని ఇంగ్లండులోను జర్మనీలోను చాలామంది బోమ్ మీటలను గ్రహించి, గొట్టం మాత్రం కొయ్యతోనే చేయించుకొన్నారు. లండన్ ఫిల్‌హార్మోనియా వాద్యబృందంలో 1972 వరకు ప్రధాన వేణువాదకుడుగా ఉన్న గారెత్ మారిస్ కొయ్య వేణువునే వాయించినాడు. మీటలు తక్కువగా ఉన్న పాత వేణువులు చౌకబడి ఐర్లండు జానపద వాద్యకారుల చేతికి చేరినవి. 19వ శతాబ్దంలో రుడాల్ అండ్ రోజ్ వంటి లండన్ పనివారు చేసిన వేణువుల నమూనాలను నేటికీ అక్కడివారు వెదకి చేయించుకొంటారు. గట్టిగా ఊదినా చెదరని మంద్రస్వరం వారికి కావలెను. మన విద్వాంసులు కూడా మీటలు లేని వెదురునే పట్టుకొన్నారు. గమకం పలికించే వ్రేలికీ రంధ్రానికీ మధ్య మూత అడ్డం వస్తుంది గదా!

మరి కొయ్య మాట ఏమిటి? పూర్వం బాక్స్ అనే చెట్టు కర్ర వాడేవారు. అది తేమకు వంగిపోయేది. తరువాత కరీబియన్ దీవుల కోకస్ కర్ర, ఆఫ్రికా గ్రెనడిల్లా వచ్చినవి. గ్రెనడిల్లా మన జిట్రేగికి దాయాది; నీటిలో మునిగేంత బరువైనది. కొయ్య తేమకు అన్ని దిక్కులా సమంగా ఉబ్బదు. నారవెంట మార్పు అత్యల్పం; నారకు అడ్డంగా ఎక్కువ, అందులోను వార్షిక వలయాల వెంట మరీ ఎక్కువ. కనుక గుండ్రని గొట్టం కోలగా మారుతుంది. లోపల లోహపు గొట్టం తొడిగిన తలభాగం చలికాలపు పొడిగాలిలో పగులుతుంది. కొయ్య కుదించుకొంటుంది, లోహం కుదించుకోదు.

వాద్యకారులు చెప్పే "కొయ్య తీయదనం" మాత్రం పరీక్షకు నిలవలేదు. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుడు వెండితోను, రాగితోను, కొయ్యతోను ఒకే కొలతల వేణువులు చేసి, అన్నిటికీ ఒకే రకం తలభాగం పెట్టినాడు. వినేవారు వాటిని గుర్తుపట్టలేకపోయినారు. ఏది చేతిలో ఉన్నదో తెలియకుండా చేస్తే, ఊదేవారు కూడా గుర్తుపట్టలేకపోయినారు. అయితే వాద్యకారుని మాట వట్టి భ్రమ అని నేననను. గట్టి కర్రలో ఊదురంధ్రపు అంచు పదునుగా తెగుతుంది, చాలకాలం అట్లే నిలుస్తుంది. లోపలి గోడ నునుపుగా ఉంటుంది. మెత్తని కర్రలో ఇవి కుదరవు. కొయ్య వేణువు గోడ మందం, అంచుల రూపం కూడా వేరు. కర్ర పేరున అతడు మెచ్చుకొనేది చాలవరకు ఈ కొలతలనే.

ఈ వివేచనకు ఇప్పుడు మరొక అవసరం కలిగినది. గ్రెనడిల్లా చెట్టు మెల్లగా పెరుగుతుంది. 2017లో దాని ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ క్రిందికి తెచ్చినారు. పూర్తయిన వాద్యములకు 2019లో మినహాయింపు ఇచ్చినారు.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని కొంత పరీక్షించవచ్చును. ఒకే పొడవు, ఒకే లోపలి వ్యాసం గల వెదురు, ప్లాస్టిక్, ఇత్తడి గొట్టములు తీసుకొని, అడుగున బిరడా బిగించి, పై అంచులను ఒకే విధంగా నునుపు చేయవలెను. ఒక విద్యార్థి తెర వెనుక నిలిచి ఊదగా తక్కినవారు ఏది ఏదో వ్రాయవలెను. తరువాత ఒక గొట్టపు అంచును మాత్రం ఆకురాయితో మొద్దుబారేటట్లు అరగదీసి మళ్ళీ ఊదించి చూడండి.