హ్యాక్టివిజం అంటే ఏమిటి? కోపం ఒకరి మీద, దెబ్బ ఇంకొకరికి

వెబ్‌సైట్లను హ్యాక్ చేసేవాళ్లంతా డబ్బు కోసమే చేయరు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. హన్మకొండలో హెడ్డాఫీసు ఉన్న మన ఉత్తర డిస్కం కూడా అందులో ఉంది. అది డబ్బు కోసం చేసిన పని. రాజకీయ కోపంతో, ఒక మాట లోకానికి వినిపించాలని చేసే హ్యాకింగ్ వేరు. దాన్నే హ్యాక్టివిజం అంటారు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఐక్యరాజ్యసమితిదే. 2007 ఆగస్టు 12న సమితి వెబ్‌సైట్‌లో అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ప్రసంగాలు ఉండే పేజీని హ్యాకర్లు మార్చేశారు. పిల్లలను చంపొద్దని అమెరికా, ఇజ్రాయెల్‌లను ఉద్దేశించి అక్కడ రాశారు. దీన్ని డిఫేస్‌మెంట్ అంటారు. రాత్రికి రాత్రి ఎవరి గోడ మీదో నినాదం రాసి పోయినట్టే. 2012 నవంబర్‌లో 'పరస్తూ' అనే గ్రూపు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పాత సర్వర్‌లోకి చొరబడి, వందమందికి పైగా నిపుణుల ఈమెయిల్ అడ్రసులు బయటపెట్టింది. ఇజ్రాయెల్ అణు కేంద్రం మీద విచారణ జరపాలన్నది వాళ్ల డిమాండు.

ఇంకో పద్ధతి డీడాస్. మండి బజార్‌లో ఒక షాపు ముందు వేలమంది ఏమీ కొనకుండా అడ్డంగా నిలబడితే అసలు గిరాకీ లోపలికి రాలేదు కదా, వెబ్‌సైట్‌కు అదే చేస్తారు.

మనకు దగ్గరి కేసు 2022 జూన్‌లో జరిగింది. ముహమ్మద్ ప్రవక్త (స) మీద బీజేపీ అధికార ప్రతినిధి నూపుర్ శర్మ చేసిన వ్యాఖ్యలకు నిరసనగా 'డ్రాగన్‌ఫోర్స్ మలేషియా' అనే గ్రూపు మన దేశ వెబ్‌సైట్ల మీద దాడులకు దిగింది. మిగతా హ్యాకర్లనూ కలిసి రమ్మని పిలుపిచ్చింది. దాదాపు 70 వెబ్‌సైట్లు దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇజ్రాయెల్‌లోని భారత రాయబార కార్యాలయం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విస్తరణ సంస్థ 'మేనేజ్' పేర్లు ఆ వార్తల్లో ఉన్నాయి. వ్యవసాయాధికారులకు శిక్షణ ఇచ్చే సంస్థకు ఆ వ్యాఖ్యలతో ఏం సంబంధం? తాళం బలహీనంగా ఉన్న తలుపు దొరికింది, అంతే. మాట అన్నవాళ్లకు మాత్రం దీనివల్ల ఏమీ కాలేదు.

అంతర్జాతీయ సంస్థల డేటా పోతే ఏమవుతుందో 2022 జనవరిలో తెలిసింది. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారు. చేసిందెవరో ఆ సంస్థ ప్రకటించలేదు కాబట్టి ఉద్దేశం రాజకీయమా కాదా అని చెప్పలేం. దొరికిన సమాచారం మాత్రం 5,15,000 మందికి పైగా బాధితులది. యుద్ధాల్లో, వలసల్లో తప్పిపోయినవాళ్లు, వాళ్ల కోసం వెతుకుతున్న తల్లిదండ్రులు, జైళ్లలో ఉన్నవాళ్లు. కనీసం 60 దేశాల రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ సంఘాలు సేకరించిన వివరాలవి. విడిపోయిన కుటుంబాలను కలిపే ఆ సిస్టమ్‌ను కొంతకాలం ఆపేయాల్సి వచ్చింది. 2023 అక్టోబర్‌లో ఇదే కమిటీ యుద్ధ సమయాల్లో హ్యాకింగ్ చేసే పౌరుల కోసం 8 నియమాలు ప్రకటించింది. ఆసుపత్రులు, సహాయ సంస్థల జోలికి పోవద్దన్నది అందులో ఒకటి.

మన చట్టం సంగతికొస్తే, ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 66 కింద హ్యాకింగ్‌కు మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దేశ భద్రతకు ముప్పు తెచ్చే ఉద్దేశంతో దాడి చేసి ప్రాణాలకో అత్యవసర సేవలకో హాని కలిగిస్తే సెక్షన్ 66ఎఫ్ పెడతారు. అందులో యావజ్జీవం దాకా ఉంది.

కాలేజీ పిల్లలున్న ఇళ్లలో ఒక సంగతి తెలిసి ఉండాలి. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పంపిన టూల్‌ను డౌన్‌లోడ్ చేసి బటన్ నొక్కితే, అవతలి సర్వర్‌లో పడేది ఇంటి ఇంటర్నెట్ ఐపీ అడ్రస్. టూల్ పంపినవాడు ఏ దేశంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. ఇంటి కనెక్షన్ మాత్రం చాలాసార్లు అబ్బా పేరు మీదే ఉంటుంది. పోలీసులు ముందు వచ్చేది ఆ అడ్రసుకే.