జుట్టు స్ట్రెయిటెనింగ్ (వేడి పద్ధతి)

రింగుల జుట్టును, వంకుల జుట్టును వేడి పలకల మధ్య పట్టి గానీ, కాల్చిన లోహపు దువ్వెనతో దువ్వి గానీ తాత్కాలికంగా సాపు చేసే పద్ధతి. రీబాండింగ్ వేరు. అందులో మందులు కెరటిన్‌లోని గంధక బంధాలను తెంచి కొత్తగా కడతాయి. మామూలు ఇస్త్రీ వేడికి వీడేవి ప్రధానంగా హైడ్రోజన్ బంధాలు. చల్లారేసరికి అవి కొత్త ఆకారంలో కుదురుకుంటాయి. తలస్నానం చేస్తే, ముసురు రోజుల్లోనైతే గాలిలో తేమకే, మళ్ళీ వీడి రింగులు తిరిగొస్తాయి.

పరికరాల పుట్టుకపై ఏకాభిప్రాయం లేదు. వేడి దువ్వెనను అమెరికాలో మేడమ్ సి. జె. వాకర్ (1867–1919) కనిపెట్టారని తరచూ రాస్తుంటారు. ఆమె దానికి ప్రచారం తెచ్చారనడమే సబబు. మెరుగుపరచిన దువ్వెనకు 1920లో పేటెంటు పొందినది వాల్టర్ సామన్స్.

వేడి ఎంత అన్నదానితో పాటు జుట్టు ఎంత తడిగా ఉందన్నదీ ముఖ్యమే. పొడి జుట్టులో కెరటిన్ నిర్మాణం సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెదిరితే, తడి జుట్టులో దాదాపు 150కే చెదురుతుంది. తడి ఆరని పాయను పలకల మధ్య పెడితే చుయ్‌మంటుంది. లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు కడుతుంది. సూక్ష్మదర్శినిలో ఆ వెంట్రుక స్పాంజి ముక్కలా కనిపిస్తుంది, బుడగ ఉన్నచోటే పుటుక్కున తెగుతుంది. కర్లింగ్ పరికరాన్ని 125 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఆనించినా ఇలా జరగవచ్చని 1994 నాటి పరిశోధన చూపింది.

జుట్టు పలచబడిందన్న ఫిర్యాదులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. వెంట్రుక పుట్టేది చర్మం లోపలి కుదుట్లో. పలకల వేడి సాధారణంగా అంతవరకు చేరదు. దెబ్బతినేది బయటి కాడ. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగే జుట్టులో అరమీటరు జడ కొస నాలుగేళ్ళ పాతది, అన్నేళ్ళ ఇస్త్రీలూ భరించినది. అందుకే జడ మొదట్లో లావుగానే ఉండి, కిందికి తోకలా సన్నబడుతుంది. దువ్వెనలో వచ్చిన వెంట్రుకను వెలుతురులో పట్టి చూడాలి: ఒక చివర తెల్లటి చిన్న గడ్డ ఉంటే కుదురు నుంచి ఊడినట్టు, లేకుంటే చాలావరకు మధ్యలో తెగినట్టు.

కుదుళ్ళే పోతాయన్న వాదం 1968 నాటిది. నల్లజాతి అమెరికన్ స్త్రీలలో నడినెత్తిన మొదలై వ్యాపించే శాశ్వత బట్టతలకు లోప్రెస్టి, పాపా, క్లిగ్‌మన్ ‘హాట్ కోంబ్ అలోపీషియా’ అని పేరు పెట్టారు. వేడికి కరిగిన పెట్రోలియం జెల్లీ కాడ వెంట జారి కుదురును కాలుస్తుందని వారి ఊహ. 1992లో స్పెర్లింగ్, సౌ పరిశీలిస్తే దువ్వెన వాడకానికీ జబ్బుకూ సరైన పొంతన కుదరలేదు. 2019లో కొందరు రోగులలో పీఏడీఐ3 జన్యువులో మార్పులు బయటపడ్డాయి. తర్వాతి ఆధారాలను బట్టి వేడినే మూలకారణమనడం కష్టం. అయితే బిగుతుగా లాగి కట్టే అలవాటుతో కలిసినప్పుడు దాని పాత్రను పూర్తిగా కొట్టివేయలేం.

సిలికోన్ సీరమ్‌లు కాడపై పొరలా పరుచుకుని వేడిని కొంత నెమ్మదింపజేస్తాయి, ఆపలేవు. చిట్లిన కొసలు వాటితో తాత్కాలికంగా అతుక్కున్నట్టు కనిపించినా, కత్తిరించడం తప్ప మార్గం లేదు.