స్పీకర్ పెట్టెలో ఉన్ని చేసే పని

స్పీకర్ పెట్టెలు సొంతంగా చేసుకునేవారిలో ఒక మాట పాతుకుపోయింది: లోపల ఉన్ని కూరితే చిన్న పెట్టె పెద్దదానిలా పలుకుతుందని. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ ఒక్కదాన్నే పట్టుకోవడంతో ఉన్ని చేసే అసలు పని మరుగున పడింది.

1925లో రైస్, కెలాగ్‌ల కోన్ స్పీకర్ వచ్చాక చాలాకాలం రేడియో పెట్టెల వెనక భాగం తెరిచే ఉండేది. కూరే అవసరమే రాలేదు. 1954లో ఎడ్గార్ విల్చూర్ ఏఆర్-1 స్పీకర్‌తో గాలి చొరకుండా మూసిన చిన్న పెట్టెను తెచ్చి, లోపల గ్లాస్ ఊల్ నింపాడు. పై మాటకు బలం అక్కడే చేకూరింది. గాలి నొక్కుకుంటే వేడెక్కుతుంది. ఆ వేడిని పోగులు లాగేసుకుంటే గాలి మరింత మెత్తగా నొక్కుకుంటుంది. లెక్క ప్రకారం పెట్టె గరిష్ఠంగా 1.4 రెట్లు అయినట్టు. ఆచరణలో అంత రాదు. వేడంతా పోగులకు అందదు, పైగా అవీ కొంత చోటు ఆక్రమిస్తాయి. అతిగా కుక్కితే పెట్టె చిన్నదే అవుతుంది.

నా దృష్టిలో మలుపు 1965. ఇంగ్లండులోని ఉన్ని మిల్లుల ఊరు బ్రాడ్‌ఫర్డ్‌లో బోధించే ఏ.ఆర్. బెయిలీ, 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో, పొడవాటి పోగుల గొర్రె ఉన్ని నింపిన మడతల గొట్టపు పెట్టెను వివరించాడు. కోన్ వెనక పుట్టిన శబ్దం పెట్టెలో కొట్టుకుని మళ్లీ పల్చటి కోన్ గుండానే బయటపడుతుంది; దాన్ని దారిలోనే అరగదీయడం ఆయన ఉద్దేశం. తక్కువ పౌనఃపున్యాల్లో పోగులు కూడా గాలితోపాటు కదులుతాయని 1976లో బ్రాడ్‌బరీ గణితంతో చూపాడు. అంటే ఎంత వదులుగా, ఎంత దట్టంగా పెట్టామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

గోడల అదురు వేరే సమస్య. దానికి బీబీసీ ఇంజనీర్లు పల్చని ప్లైవుడ్‌కు తారు పలకలు అంటించారు. ఉన్ని ఆ అదురును ఆపలేదు.

ఇప్పుడు ఎక్కువమంది రెండు సెంటీమీటర్ల ఫోమ్ గోడకు అతికించి పని అయిందనుకుంటున్నారు. కానీ లోపలి ఎత్తు 50 సెంటీమీటర్లుంటే పైగోడకూ అడుగుకూ మధ్య మొదటి స్థిర తరంగం సుమారు 344 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. గోడను ఆనుకుని గాలి దాదాపు కదలదు. కదలికంతా నడిమి ఎత్తులో ఉంటుంది. అక్కడ వదులుగా పరిచిన ఉన్ని, ఆ ఫోమ్ కంటే ఎంతో మేలు. రంధ్రం ఉన్న బేస్ రిఫ్లెక్స్ పెట్టెలో మాత్రం జాగ్రత్త: రంధ్రం ముందు ఖాళీ వదలకపోతే అది ఇవ్వాల్సిన బేస్ తగ్గిపోతుంది.