సేత్వార్‌లో లేని తాత

డోర్నకల్ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్లు వంశవృక్షం గీసుకోవాలనుకుంటే ముత్తాత దాకా ఇంట్లో పెద్దలే చెబుతారు. ఆ పైకి వెళ్లాలంటే తహసీలు ఆఫీసులో పాత పహాణీలు (ఏటా రాసే భూమి, పంట లెక్కలు), దొరికితే సేత్వార్ (సర్వే నాటి మూల రిజిస్టరు) నకలు తీయించుకోమంటారు తెలిసినవాళ్లు. సలహా మంచిదే. చిక్కల్లా ఆ కాగితంలో పేరు కనబడితే ‘ఈ ఊరి మట్టి మాదే’ అనీ, కనబడకపోతే ‘మనవాళ్లు ఎక్కడినుంచో వచ్చి పడ్డారు’ అనీ తేల్చేసుకోవడంతోనే. వలస పాలన కాలంలో నిజాం రాజ్యంలో జరిగిన భూమి కొలత నేలను గుంటల దాకా లెక్కగట్టింది. మనుషుల్ని మాత్రం శిస్తు ఎవరిని అడగాలో తెలిసేటంతవరకే రాసుకుంది. అందుకని వంశం వెతికేవాళ్లు పేరు వెంట కాక సర్వే నంబరు వెంట పోవాలనీ, పేరు లేనంత మాత్రాన మనిషి లేడనుకోకూడదనీ నా వాదన.

నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియా కాదు గదా, దీన్ని వలస పాలన నాటి కొలత అనడమేమిటని ఎవరైనా అడగొచ్చు. సంతకం నిజాముదే, పద్ధతి మాత్రం బొంబాయిది. 1835 ప్రాంతంలో పుణె దగ్గరి ఇందాపూర్ తాలూకాలో గోల్డ్‌స్మిడ్, వింగేట్ అనే ఇద్దరు ఉద్యోగులు మొదలుపెట్టిన రైత్వారీ సర్వేను నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1870లలో హైదరాబాదు రాజ్యంలోకి తెచ్చాడు. మరాఠ్వాడాలో మొదలై అది క్రమంగా తెలంగాణకు వచ్చింది. డోర్నకల్‌లో రైలెక్కి బెజవాడలో దిగితే ఇప్పటికీ తేడా తెలుస్తుంది. అక్కడ మద్రాసు లెక్క, ఎకరానికి నూరు సెంట్లు. ఇక్కడ ఎకరానికి నలభై గుంటలు. బొంబాయి సర్వే గొలుసు పొడవు 33 అడుగులు, దాన్ని పదహారు అణాలుగా విభజించారు. ఆ గొలుసు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పరిస్తే వచ్చే చతురస్రం గుంట, అంటే 121 చదరపు గజాలు. నేల రకాన్ని కూడా అణాల్లోనే కట్టారు. ఇంకో సర్వేతో దీన్ని కలగలపకూడదు. శిఖరానికి తన పేరు మిగిల్చిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరం పడి, కోలుకోవడానికి ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు వెళ్లాడు. ఆయన కొలిచింది గుట్టకూ గుట్టకూ మధ్య దూరం. కథ బాగుంటుంది గానీ ఆ పటాల్లో ఎవరి తాత చెలకా దొరకదు.

బొంబాయి పద్ధతిలో అసలు కిటుకు సర్వే నంబరులో ఉంది. ప్రతి రైతు కమతాన్నీ విడిగా కొలవలేదు. ఒక జత ఎడ్లు దున్నగలిగే మేర నేలను ఒక నంబరుగా పెట్టాలన్న ఆలోచనతో చిన్న చిన్న తుకడాలను కలిపేశారు. ఒక నంబరుకు ఒక పట్టాదారు. మిగతా వాటాదార్లు అతనికింద శిక్మీదారులయ్యారు. 1317 ఫస్లీలో వచ్చిన హైదరాబాదు భూమి శిస్తు చట్టం శిక్మీదారుకు పట్టాదారుతో పాటు హక్కు ఉందని ఒప్పుకుంది. (ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే 1907 వస్తుంది. పాత కాగితాలు పట్టుకునేవాళ్లకు ఈ కూడిక నోటికి రావాలి.) హక్కు ఒప్పుకున్నా, శిస్తు కట్టమని పిలిచేది పట్టాదారునే. ముగ్గురు అన్నదమ్ములు కలిసి దున్నుకుంటుంటే పెద్దవాడి పేరు ఎక్కి, మిగతా ఇద్దరి సంతానానికి కాగితం మీద మూలపురుషుడే లేకుండా పోవడం ఈ పద్ధతిలో మామూలు సంగతి. పేరు ఎక్కినచోటైనా ‘ఎల్లడు వల్ద్ మల్లడు’ అని ఊరుకున్న నమోదులుంటాయి. వల్ద్ అంటే ఫలానావాడి కొడుకు. ఇంటిపేరు ఉండదు. పైగా ఉర్దూ గొలుసుకట్టు రాత. తెలుగు పొట్టి ఎకారం, ఒకారం ఆ లిపిలో సరిగా పలకవు. పేరొక్కటే పట్టుకుని వెతికితే ఒకే ఊళ్లో నలుగురు తాతలు తేలడం ఖాయం.

ఇది కొలిచే పద్ధతితో వచ్చిన లోపం. రాసేవాళ్లతో వచ్చింది ఇంకా పెద్దది. సాలార్‌జంగ్ సంస్కరణలకు ముందు పన్ను వసూళ్లు చేసిన దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు పాత లెక్కలు తమ చేతిలో ఉండగానే కొత్త కొలతలోకి అడుగుపెట్టారు. మంచి భూములు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారని, దున్నేవాళ్లకు ఆ సంగతి తెలిసేసరికే పట్టాలు అయిపోయాయని పుచ్చలపల్లి సుందరయ్య వంటి వారు వివరంగా రాశారు. ఇప్పటి జనగామ జిల్లాలోని విసునూరు దేశ్‌ముఖ్ కింద నలభై వేల ఎకరాలుండేవని చెబుతారు. అదే జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ దున్నింది మల్లంపల్లి మక్తేదారు దగ్గర కౌలుకు తీసుకున్న భూమి. ఆ పంట కోసం ఆమె విసునూరు దొరను ఎదిరించింది కాబట్టి ఆమె పేరు చరిత్రకెక్కింది. ఎదిరించే అవకాశం రాని వేలమంది కౌలుదార్ల పేర్లు ఎక్కడికీ ఎక్కలేదు. మహబూబాబాదు చుట్టూ తండాల్లోని లంబాడీలకు ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. బంజరు కొట్టి పొలం చేసుకున్నవాళ్లు పట్టా కాగితంలో కనబడరు. కొలతే పడని, నంబరే లేని బిల్లా దాఖలా భూముల సంగతి చెప్పనక్కరలేదు.

ఇంత లోపభూయిష్టమైతే రికార్డులు వదిలేసి మన నోటి కథలే నమ్మొచ్చు గదా అనేవారున్నారు. పిచ్చుకుంట్లవాళ్లు కాపుల గోత్రాలూ ఇంటిపేర్లూ చెబుతారు, డక్కలివాళ్లు మాదిగల కులకథ చెబుతారు. అవి విలువైనవే. పెళ్లి సంబంధాలు, పాత ఊళ్ల పేర్లు అక్కడ దొరికినట్టు ఇంకెక్కడా దొరకవు. కానీ ఆ కథలో తేదీ ఉండదు, నేల హద్దు ఉండదు. కోర్టులు ఖాస్రా పహాణీని హక్కుకు రుజువుగా చూస్తుంటే నువ్వు అనుమానిస్తావేమని ఇంకొందరంటారు. కోర్టు అడిగేది భూమి ఎవరిదని. వంశం వెతికేవాడు అడిగేది మనవాళ్లు ఎక్కడ బతికారని. మొదటి ప్రశ్నకు సరిపోయిన జవాబు రెండోదానికి సరిపోవాలని లేదు. పేరు లేనివాళ్లలో నిజంగానే వలస వచ్చినవాళ్లు ఉండొచ్చన్న మాట మాత్రం ఒప్పుకోవలసిందే. 1880ల చివర రైలు వచ్చి, ఇల్లెందు బొగ్గు దిగడానికి డోర్నకల్ జంక్షన్ అయ్యాక, భూమితో పనిలేని బతుకుదెరువు ఇక్కడ పుట్టింది. ఎవరు వలస, ఎవరు కౌలు అన్నది సేత్వార్ ఒక్కటే తేల్చలేదు.

మరి నంబరు పట్టుకుని పోవడమంటే? 1954-55 నాటి ఖాస్రా పహాణీతో మొదలుపెట్టడం మేలు. అందులో పట్టాదారు గడి పక్కన దున్నేవాడి గడి కూడా ఉంది. తాత అక్కడ దొరికితే ఆ నంబరుతో వెనక్కి సేత్వార్‌కు, పొలం ఆకారం గీసిన టిప్పన్‌కు, గ్రామ నక్షాకు వెళ్లొచ్చు. తాత ఇల్లు, బావి, చెరువు శిఖం ఎటుందో తెలిస్తే పట్టా ఎవరి పేరున్నా మనవాళ్ల కదలిక తెలుస్తుంది. (2020లో వచ్చిన ధరణి పోర్టల్‌లో ఈ అనుభవదారు గడి లేకుండా పోయింది. ఆ కాలపు కౌలు రైతుల మునిమనవలు ముందు ముందు ఏం వెతుక్కుంటారో.) 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా జాగీరు గ్రామాల లెక్కలు వేరు. ఖమ్మం 1953లో విడిపోయేదాకా ఈ ప్రాంతమంతా వరంగల్ జిల్లా కిందే వెతకాలి. పట్టాలు లేని మాల, మాదిగ కుటుంబాలకు డోర్నకల్‌లో ఇంకో దారి ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య ఇక్కడే కొలువుండి 1945లో ఇక్కడే కన్నుమూశారు. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు రాయడం ఆ సంఘం ఆచారం. రిజిస్టరు రాసే పాదిరికి శిస్తుతో పనిలేదు కాబట్టి భూమి లేనివాడి తండ్రి పేరూ అందులో పడుతుంది. బాప్తిస్మంతో పేరు మారి ఉండొచ్చన్నది గుర్తుంచుకుంటే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేవి విరాసత్ కాగితాలు. పట్టాదారు చనిపోతే పట్టా ఎవరి పేర మారాలన్న విచారణలో భార్య, కొడుకులు, మైనర్లు వరసగా వస్తారు. నీరడి, సేత్‌సింధీ వంటి ఊరి కొలువులకిచ్చిన ఇనాములకైతే, వాటి మంజూరు పత్రాలైన ముంతఖబ్‌లలో రెండు మూడు తరాల వారసత్వం ఒకేచోట ఉండొచ్చు. ఆడవాళ్ల పేర్లు పట్టాల్లో అరుదు. ‘జౌజె ఫలానా’ (ఫలానావాడి భార్య) అని వితంతువుగానే, అదీ ఎక్కువగా ఈ కాగితాల్లోనే కనబడతారు. అన్నదమ్ములు సర్దుకుపోయిన ఇంటికి పట్టా మార్పు ఒక్క వరుసతో ముగుస్తుంది. పొత్తు కుదరక, దాయాదులు అభ్యంతరం పెట్టి, సాక్షుల్ని పిలిపించి, తాత ముత్తాతల నుంచి వాటాలు చెప్పుకున్న ఇంటికి ఏకంగా వంశవృక్షమే ఫైలులో ఉంటుంది. జిల్లాలో దొరకని పాత ఫైలు కోసం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లేవాళ్లు పట్టాదారు పేరుతో కాక ఊరు, తాలూకా, సర్వే నంబరు, ఫస్లీ సంవత్సరం రాసుకుని వెళ్లాలి. ఉర్దూ చదవగలిగినవారిని వెంటబెట్టుకుని పోవాలి.