లినక్స్‌లో స్థిర ఐపీ అడ్రస్: చిక్కులు, నిర్ధారణ

రౌటర్‌లోని డీహెచ్‌సీపీ సర్వీసు ఇచ్చేదాకా ఆగకుండా, కంప్యూటర్‌లోనే రాసి ఉంచే అడ్రస్‌ను స్థిర ఐపీ అడ్రస్ లేదా స్టాటిక్ ఐపీ అంటారు. ల్యాబు సర్వర్లకు, ఆఫీసులో నలుగురూ వాడుకునే ప్రింటర్లకు, సీసీ కెమెరాల రికార్డర్లకు ఇది అవసరం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లినక్స్ వాడకం ప్రధానంగా ఇంజనీరింగ్ కళాశాలల నుంచి విస్తరించినట్టు తోస్తుంది. విజయనగరంలో 2007లో మొదలై 2022లో గురజాడ విశ్వవిద్యాలయంగా మారిన జేఎన్‌టీయూ కళాశాల, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ, రాజాంలోని జీఎంఆర్ కళాశాల ఈ ప్రాంతంలో ముఖ్యమైనవి. స్టాటిక్ ఐపీ పెట్టాక నెట్ రాకపోతే, లేదా రీబూట్ తర్వాత అడ్రస్ మారిపోతే, చాలామంది అడ్రస్‌లోని అంకెలనే మళ్ళీ మళ్ళీ సరిచూస్తారు. అంకెలు సరిగా ఉండి కూడా పని జరగకపోవడమే ఎక్కువ. ఒకే సర్వే నంబరుకు ఇద్దరి పేర పాసు పుస్తకాలు పుట్టినట్టు, ఒకే నెట్‌వర్క్ కార్డు మీదనో ఒకే అడ్రస్ మీదనో రెండు అధికారాలు నడుస్తుంటాయి. కాబట్టి నిర్ధారణ అంకెలతో కాక, అధికారం ఎవరిదనే ప్రశ్నతో మొదలవ్వాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఈ రెండు అధికారాలు ఎలా వచ్చాయో తెలియాలంటే లినక్స్ చరిత్ర కొంత చూడాలి. డెబియన్ కుటుంబంలో చాలాకాలం ఈటీసీ కింద ఉన్న ‘ఇంటర్‌ఫేసెస్’ ఫైలే ప్రమాణం. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ‘ఐఎఫ్‌సీఎఫ్‌జీ’ ఫైళ్ళు ఉండేవి. 2004లో రెడ్‌హ్యాట్ నెట్‌వర్క్ మేనేజర్‌ను తెచ్చింది. 2014లో, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ తన సొంత నెట్‌వర్క్‌డీని చేర్చుకుంది. ఉబుంటు 17.10తో, అంటే 2017 అక్టోబరులో, నెట్‌ప్లాన్ డిఫాల్ట్‌గా వచ్చింది. దాన్ని 18.04తో వచ్చిందని రాసేవారూ ఉన్నారు. దీర్ఘకాల మద్దతు ఉన్న విడుదల అదే కావడంతో ఎక్కువమంది నెట్‌ప్లాన్‌ను మొదట చూసింది అందులోనే కావచ్చు. నెట్‌ప్లాన్ తానుగా అడ్రస్ పెట్టదు. డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ మేనేజర్‌కు, సర్వర్‌లో నెట్‌వర్క్‌డీకి పని అప్పజెబుతుంది. రెడ్‌హ్యాట్ వైపు 2022లో వచ్చిన తొమ్మిదో వెర్షన్ కొత్త కనెక్షన్లను ఐఎఫ్‌సీఎఫ్‌జీలో రాయడం మానుకుంది, పదో వెర్షన్ ఆ పద్ధతినే తీసేసింది. పాత పద్ధతి పోకముందే కొత్తది వచ్చి పక్కన కూర్చోవడం వల్ల, పదేళ్ళ కిందటి పాఠం చూసి ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో అడ్రస్ రాసిన విద్యార్థి ఏ తప్పూ చేయకుండానే తప్పు ఫలితం పొందుతాడు. ఉబుంటు కొత్త సర్వర్‌లో ఆ ఫైలును చదివే ప్రోగ్రామే సాధారణంగా ఉండదు. డెబియన్ డెస్క్‌టాప్‌లో కథ వేరు. ఆ ఫైల్లో కార్డు పేరు కనిపిస్తే నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని తన పరిధిలోంచి వదిలేస్తుంది, తెర మీద ‘అన్‌మేనేజ్డ్’ అని చూపుతుంది. అప్పుడు సెట్టింగుల కిటికీలో ఎన్ని మార్పులు చేసినా కార్డుకు చేరవు.

కార్డు పేర్ల సంగతీ ఇలాంటిదే. పాత పాఠాలన్నీ ‘ఈటీహెచ్ సున్నా’ అనే పేరుతో నడుస్తాయి. ఆ పేరు ఎప్పుడు పోయిందన్న దానిపై లెక్కలు కలవవు. 2011లో ఫెడోరా 15 కొన్ని యంత్రాల్లో కొత్త పేర్లు పెట్టింది కాబట్టి అదే మొదలని కొందరంటారు. 2013 జనవరిలో వచ్చిన సిస్టమ్‌డీ 197ను మొదలుగా తీసుకోవడమే సబబు, ఇప్పుడు మనం చూసే పేర్ల పద్ధతి దానిదే. డెబియన్ వాడేవారికి మాత్రం ఈ మార్పు 2017లో తొమ్మిదో విడుదలతో గానీ అనుభవంలోకి రాలేదు. ఫైల్లో రాసిన పేరు, కార్డుకు నిజంగా ఉన్న పేరు వేరైతే స్థిర అడ్రస్ ఏ కార్డుకూ అంటుకోదు. కార్డును ఒక స్లాటు నుంచి మరో స్లాటుకు మార్చినా పేరు మారవచ్చు.

అందుకే మొదట ఫైళ్ళు తెరవకూడదు, కెర్నెల్‌ను అడగాలి. ఫైలు మన కోరికను మాత్రమే చెబుతుంది. జరిగింది ఏమిటో కెర్నెల్ చెబుతుంది. ‘ఐపీ అడ్రస్’ ఆదేశం కార్డుకు ప్రస్తుతం ఉన్న అడ్రస్‌ను, ‘ఐపీ రూట్’ దారులను, ‘ఐపీ నైబర్’ పొరుగు యంత్రాల హార్డ్‌వేర్ అడ్రసులను చూపుతాయి. అక్కడ 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే చాలావరకు నిర్ధారణ అయిపోయినట్టే. డీహెచ్‌సీపీ జవాబు దొరకనప్పుడు యంత్రం తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది, 2005 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3927 దాన్ని నిర్వచించింది. స్టాటిక్ అని మనం రాసింది అమలు కాలేదని, కార్డు ఇంకా ఆటోమేటిక్ పద్ధతిలోనే ఉందని దానర్థం. ఒకే కార్డుకు రెండు అడ్రసులు కనిపిస్తే రెండు ఫైళ్ళు పని చేస్తున్నాయేమో చూడాలి. నెట్‌ప్లాన్ తన ఫోల్డర్‌లోని ఫైళ్ళను పేర్ల వరసలో చదువుతుంది. విడి విలువలైతే తర్వాతి ఫైలుది నిలుస్తుంది గానీ, అడ్రసుల వంటి జాబితాలు మాత్రం ఒకదానికొకటి కలిసిపోతాయి. పాత ఫైలును తీసేయకుండా కొత్తది చేర్చినవారికి రెండూ దక్కేది ఇందుకే. తొలి బూట్‌లో యంత్రాన్ని అమర్చే క్లౌడ్‌ఇనిట్ ఉన్న సర్వర్లలో దాని ఫైలు తిరిగి పుట్టే అవకాశం ఉంది కాబట్టి, దాని నెట్‌వర్క్ భాగాన్ని విడిగా ఆపాలి.

నెట్‌వర్క్ మేనేజర్ విషయంలో మరో మెలిక ఉంది. కమాండ్‌తో ప్రొఫైల్‌ను మార్చినంత మాత్రాన నడుస్తున్న కనెక్షన్ మారదు; ఆ ప్రొఫైల్‌ను మళ్ళీ పైకి తేవాలి. మార్చాను, పని చేయలేదు అనుకుని వెనక్కి మార్చేవారు నిజానికి ఆ మార్పును పరీక్షించనే లేదు. ప్రొఫైల్ ఫైలును చేత్తో రాస్తే దాని యజమాని రూట్ అయి ఉండాలి, ఇతరులకు చదివే అనుమతి ఉండకూడదు. లేకపోతే నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఉబుంటు 23.10 నుంచి నెట్‌వర్క్ మేనేజర్ తన ప్రొఫైళ్ళను నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లోనే దాస్తోంది కాబట్టి పాత చోట వెతికితే దొరకవు.

అంకెల్లో నిజంగా తప్పు దొర్లే చోటు ఒకటుంది. అది అడ్రస్ పక్కన ఉండే ప్రిఫిక్స్. పాత ‘ఐఎఫ్‌కాన్ఫిగ్’ ఆదేశానికి 192.168.1.20 అని మాత్రమే ఇస్తే, అది పాత తరగతుల లెక్కన 255.255.255.0 మాస్కును తానే ఊహించుకునేది. కొత్త ‘ఐపీ’ ఆదేశం అలా ఊహించదు. స్లాష్ 24 అని రాయకపోతే స్లాష్ 32గా తీసుకుంటుంది, అంటే ఆ నెట్‌వర్క్‌లో తాను తప్ప ఇంకెవరూ లేరని కంప్యూటర్ నమ్ముతుంది. ఆ తర్వాత గేట్‌వేను, అంటే బయటికి దారినిచ్చే రౌటర్ అడ్రస్‌ను, పెట్టబోతే, దానికి దారి లేదని కెర్నెల్ తిరస్కరిస్తుంది. గేట్‌వే అంకె సరిగానే ఉంది కదా అని తల పట్టుకునేది ఇక్కడే. నెట్‌ప్లాన్ పాత పాఠాల్లోని ‘గేట్‌వే4’ అనే మాటను ఇటీవలి వెర్షన్లు వద్దంటున్నాయి, ‘రూట్స్’ కింద డిఫాల్ట్ దారిగా రాయమంటున్నాయి.

అధికారం ప్రశ్నతో మొదలవ్వాలన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం ప్రాంతం నుంచే వస్తుంది. తుపాన్ల తీరంలో ముందు అనుమానించాల్సింది వైరును గానీ సాఫ్ట్‌వేర్‌ను కాదని అనవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఈ జిల్లాలను ఎలా కుదిపాయో తెలిసిందే. తిత్లీకి ఉద్దానంలో కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో నేలకొరిగాయి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఏపీ ఫైబర్ గ్రిడ్ తొలి దశ కేబులు ఎక్కువగా అవే స్తంభాల మీదుగా సాగింది. తక్కువ ఖర్చుతో పల్లెకు నెట్ చేర్చిన ఆ నిర్ణయంలోనే ఈ బలహీనత కూడా ఉంది. అయినా ఆ అభ్యంతరం పద్ధతిని మార్చదు, ఎందుకంటే వైరు సంగతి కూడా కెర్నెలే చెబుతుంది. ‘ఐపీ లింక్’ జాబితాలో కార్డు పక్కన ‘నో క్యారియర్’ అని ఉంటే కంప్యూటర్‌కు, స్విచ్‌కు నడుమ తీగ లేదా పోర్టు పోయింది. అలా లేకుండా గేట్‌వేకు పింగ్ వెళ్ళి, 8.8.8.8 వంటి బయటి అడ్రస్‌కు వెళ్ళకపోతే మన అడ్రస్‌ను తాకాల్సిన పనిలేదు, లోపం చాలావరకు రౌటర్ బాక్సుకు అవతల ఉంది. బయట ఫైబర్ తెగినా ఇంట్లోని బాక్సుకు, కంప్యూటర్‌కు మధ్య లింకు బాగానే ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. తీగ తెగిన రోజున స్టాటిక్ సెట్టింగులు మార్చిన కంప్యూటర్, తీగ అతికిన రోజున ఆ మార్పుల వల్లే నెట్‌కు దూరమవుతుంది.

పునరుద్ధరణ సమయంలో ఇంకో చిక్కు ఉంది. లైను లేనప్పుడు ఫోనుతో టెదరింగ్ చేస్తే కంప్యూటర్‌కు రెండో డిఫాల్ట్ దారి వస్తుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు యూఎస్‌బీ మీద 192.168.42, హాట్‌స్పాట్ మీద 192.168.43 వరసలు వాడేవి. రెండు దారులున్నప్పుడు మెట్రిక్, అంటే దారి ప్రాధాన్యాన్ని తెలిపే అంకె, తక్కువ ఉన్నదే గెలుస్తుంది. నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా వైరు కార్డుకు 100, వైఫైకి 600 ఇస్తుంది. అందుకే చచ్చిన వైరు లైను మీద గేట్‌వే రాసి ఉన్నంతకాలం, బతికున్న హాట్‌స్పాట్ పక్కనే ఉన్నా ప్యాకెట్లు వైరు వైపే పోవచ్చు. తర్వాత ఆపరేటర్ కొత్త బాక్సు పెడితే, 192.168.1.1గా ఉన్న గేట్‌వే 192.168.0.1 అయి ఉండవచ్చు. ఆటోమేటిక్ యంత్రాలు కొత్త వరసలోకి మారిపోతాయి, స్టాటిక్ యంత్రం పాత వరసలోనే ఉండిపోతుంది.

యంత్రం లోపల ఒకే అధికారి ఉన్నాడని తేలాక, బయట రెండో హక్కుదారు ఉన్నాడేమో చూడాలి. రౌటర్ తాను పంచే అడ్రసుల పూల్‌లోంచి అదే అడ్రస్‌ను ఒక ఫోనుకు ఇచ్చి ఉంటే లక్షణాలు విచిత్రంగా ఉంటాయి: కాసేపు పని చేస్తుంది, కాసేపు చేయదు, ప్రింటు ఒకసారి వస్తుంది, మరోసారి రాదు, ఎస్‌ఎస్‌హెచ్‌తో చేరబోతే అవతలి యంత్రం తాళం మారిందని హెచ్చరిక వస్తుంది. ఏ హార్డ్‌వేర్ అడ్రస్ చివరగా జవాబిచ్చిందో దానివైపే ఇతర యంత్రాలు తిరగడం దీనికి కారణం. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5227 ఇలాంటి ఢీకొనడాన్ని ముందే పసిగట్టే పద్ధతిని చెప్పింది. కానీ లినక్స్ కెర్నెల్ ఐపీవీ6కు చేసే ఆ పరీక్షను ఐపీవీ4కు తానుగా చేయదు, పైనున్న మేనేజర్‌కు వదిలేస్తుంది. చేత్తో చూడాలంటే ‘ఆర్పింగ్’ను డీ ఐచ్ఛికంతో నడిపి, ఆ అడ్రస్‌కు మరెవరైనా పలుకుతున్నారేమో వినాలి. విరుగుడు సులభం. రౌటర్ పూల్‌ను 100 నుంచి 200 దాకా కుదించి, స్థిర అడ్రసులను 2 నుంచి 50 లోపు ఉంచి, ఆ పట్టికను రాసి పెట్టుకోవాలి.

ఇక్కడే రెండో అభ్యంతరం, మొదటిదానికన్నా బలమైనది: అసలు కంప్యూటర్‌లో స్టాటిక్ పెట్టడమెందుకు, రౌటర్‌లోనే ఆ యంత్రం పేర అడ్రస్ రిజర్వ్ చేస్తే సరిపోదా? ఇళ్ళకు, చిన్న ఆఫీసులకు ఇదే మేలని ఒప్పుకోవాలి, అధికారం ఒక్క చోటే ఉంటుంది కాబట్టి. అయితే బాక్సు మారినా, రీసెట్ చేసినా ఆ రిజర్వేషన్లు పోతాయి. వైఫైలో హార్డ్‌వేర్ అడ్రస్‌ను మార్చి మార్చి చూపే సదుపాయం ఆన్‌లో ఉంటే రిజర్వేషన్ ఆ యంత్రాన్ని గుర్తుపట్టలేదు. ల్యాబుకు డీహెచ్‌సీపీ, పేర్ల సర్వీసు ఇచ్చే సర్వర్ తన అడ్రస్ కోసం మరొకరి మీద ఆధారపడలేదు. అలాంటివాటికి స్టాటిక్ తప్పదు.

పేర్ల సర్వీసు, అంటే డీఎన్‌ఎస్, విషయంలోనూ అధికారం ప్రశ్నే. అంకెలతో పింగ్ వెళ్ళి, పేరుతో సైటు తెరుచుకోకపోతే అడ్రస్ బాగున్నట్టే. చాలామంది ‘రిజాల్వ్ కాన్ఫ్’ ఫైల్లో నేరుగా రాస్తారు, రీబూట్‌కు అది చెరిగిపోతుంది. సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ ఉన్న యంత్రాల్లో అది సాధారణంగా లింకు మాత్రమే, అందులో 127.0.0.53 అని ఉండటం తప్పు కాదు. స్టాటిక్ అడ్రస్ రాసిన చోటే డీఎన్‌ఎస్ కూడా రాయాలి, ఎందుకంటే డీహెచ్‌సీపీతో పాటు వచ్చే ఆ వివరం ఇప్పుడు ఎవరూ ఇవ్వరు.

ఇంట్లో పెట్టుకున్న 192.168 అడ్రస్ 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకారం ప్రైవేటు వరసలోనిది, బయటి ప్రపంచానికి కనిపించదు. కెమెరాను ఊరి బయటి నుంచి చూడాలనుకునేవారు ఇంటి స్టాటిక్ అడ్రస్‌ను, బయటికి కనిపించే పబ్లిక్ అడ్రస్‌ను కలిపేసుకుంటారు. పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. అందువల్ల సర్వీసు కంపెనీలు అనేకమంది చందాదారులకు ఒకే అడ్రస్ పంచుతున్నాయి, 100.64తో మొదలయ్యే వరసను 2012లో అందుకోసమే కేటాయించారు. రౌటర్ బయటి వైపు అలాంటి అడ్రస్ కనిపిస్తే కంప్యూటర్‌లో ఏ మార్పు చేసినా లాభం లేదు, కంపెనీని విడిగా పబ్లిక్ స్టాటిక్ అడగాలి, లేదా ఐపీవీ6 చూసుకోవాలి.

దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ మీద ఈ మార్పులు చేసేటప్పుడు పొరపాటు పడితే ఆ యంత్రం దగ్గరికి మనిషిని పంపాల్సి వస్తుంది. శ్రీకాకుళంలో కూర్చుని సీతంపేటలోని సర్వర్‌ను సరిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు. ‘నెట్‌ప్లాన్ ట్రై’ ఆదేశం ఇందుకు ఉపయోగపడుతుంది: కొత్త అడ్రస్‌ను పెట్టి, 120 సెకన్లలోగా ఎవరూ ఖరారు చేయకపోతే పాతదానికి తిప్పేస్తుంది.