కళ్ళముందు మెదిలే కరువు

రాయలసీమవాసులు కరువులకు పేర్లు పెట్టి గుర్తుంచుకున్నారు. 1876-78 నాటిది ధాత కరువు. అది మొదలైన తెలుగు సంవత్సరం పేరే దానికి స్థిరపడింది. 1952 నాటిది గంజి కరువు. ఆకలికి తాళలేని జనం కోసం తెరచిన గంజి కేంద్రాల మూలంగా ఆ పేరు వచ్చింది. పేరున్న కరువుకు ఒక ఆరంభమూ ఒక అంతమూ ఉంటాయి. దానికి ముందు, దాని తర్వాత అని కాలాన్ని రెండుగా విడదీసి చెప్పుకోవచ్చు. 1990ల నుంచి అనంతపురం పీఠభూమిని వరుసగా కమ్ముకున్న కరువులకు మాత్రం అటువంటి పేర్లు స్థిరపడలేదు. ఒకటి ముగిసి మరొకటి మొదలైతే కదా, పేరు పెట్టడానికి!

మానసిక గాయాల వైద్యచరిత్రలోనూ సరిగ్గా ఇటువంటి విభజనే ఒకటి ఉన్నది. పేరు పెట్టగలిగిన గాయం వేరు, పెట్టలేని గాయం వేరు. కంటి కదలికల చికిత్స మొదటిదాని కోసం పుట్టి, రెండవదాని ముందు తడబడి, క్రమంగా తన పద్ధతులను మార్చుకున్నది. ఆ మార్పును మన కరువు చరిత్ర పక్కన పెట్టి చూడాలన్నదే ఈ టపా ఉద్దేశం.

కరువు వేళ ప్రభుత్వాలు ముందుగా కొలిచింది కడుపును. ధాత కరువులో ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో నాటి బళ్ళారి జిల్లా ఒకటి. అనంతపురం అప్పుడు అందులోనే ఉండేది. 1882లో గాని వేరు జిల్లా కాలేదు. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర, సహాయపు పనుల్లో శ్రమించే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యమూ ఒక అణా చాలునని తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ అది ప్రాణం నిలవడానికి చాలదని గట్టిగా వాదించాడు. వాదమంతా పౌనుల్లోనూ అణాల్లోనూ సాగింది. బిడ్డను దారిలోనే పాతిపెట్టి ముందుకు నడిచిన తల్లి మనస్సు ఏమైపోయిందన్న ప్రశ్నకు ఆ లెక్కల్లో గడి లేదు. అందుకు ఆ కాలాన్ని నిందించి ప్రయోజనం లేదు. వైద్యశాస్త్రానికే ఆ ప్రశ్న అప్పటికి కొత్త. పారిస్‌లో పియేర్ జానే 19వ శతాబ్ది చివర ఆ ప్రశ్నకు ఒక వరుసక్రమం చెప్పాడు: ముందు రోగిని నిలకడకు తేవాలి, పిమ్మట జ్ఞాపకాన్ని తాకాలి, చివరకు ఆ మనిషిని మళ్ళీ బతుకులో కలపాలి. ఈ వరుసను దయచేసి గుర్తుంచుకోండి, దీనితో మనకు మళ్ళీ పని ఉంది. మన దగ్గర మాత్రం ఆ దుఃఖాన్ని దాచిపెట్టే పని సాహిత్యానికే మిగిలింది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' అందుకు పెద్ద సాక్ష్యం.

1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో పి.టి.ఎస్.డి.ని చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల వేదన దానికి ముఖ్య ప్రేరణ. 1987లో కాలిఫోర్నియాలో ఫ్రాన్సిన్ షపీరో అనే పరిశోధకురాలు పార్కులో నడుస్తూ, తన కళ్ళు అటూ ఇటూ వేగంగా కదిలినప్పుడు తనను వేధిస్తున్న ఆలోచన పదును తగ్గిందని గమనించింది. 1989లో 22 మందిపై చేసిన అధ్యయనాన్ని ప్రకటించింది. వారు యుద్ధాన్నో, అత్యాచారాన్నో అనుభవించినవారు. 1991లో ఆ పద్ధతికి ఇ.ఎం.డి.ఆర్. అన్న పేరు ఖాయమైంది.

పద్ధతి చూడడానికి సులువు. రోగి తనను బాధించే దృశ్యాన్నీ, దానితో అంటుకొని ఉన్న మాటనూ ("తప్పు నాదే" వంటిది), ఒంట్లో అది తెలిసే చోటునూ మనస్సులో నిలుపుకుంటాడు; అదే సమయంలో చికిత్సకుని వేలిని కళ్ళతో అటూ ఇటూ అనుసరిస్తాడు. అరనిమిషం గడిచాక ఆగి, ఏమి తోచిందో చెబుతాడు. బాధను సున్న నుంచి పది వరకు అంకెలతో కొలుస్తారు. ఎందుకు పనిచేస్తుందన్నదానికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది: మనస్సులో ఏ క్షణానికాక్షణం విషయాలను పట్టి ఉంచే చోటు చాలా ఇరుకు, కళ్ళు అందులో కొంత ఆక్రమించుకోగానే దృశ్యం పలచబడుతుంది, పలచబడినదే తిరిగి భద్రమవుతుంది. కళ్ళకే ఆ ప్రత్యేకత లేదనీ, మనస్సుకు మరేదైనా బరువు పెట్టినా కొంత ఫలితం వస్తుందనీ పరిశోధనలు చూపాయి. మన భాష ఈ బాధకు ఎప్పుడో సరైన మాట కల్పించుకున్నది. మరువలేని ఘోరం "కళ్ళలో మెదులుతోంది" అంటాం, "మనస్సులో ఉంది" అనం.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. దిష్టి తీసేటప్పుడు కళ్ళముందు చేయి తిప్పుతాం గనుక ఇదంతా మన పూర్వులకు ఎరుకేనని ఎవరో ఒకరు అనక మానరు. ఆ మురిపెం నాకు లేదు. అసలు ఈ చికిత్సనే ఇంద్రజాలం కింద కట్టినవారున్నారు. హార్వర్డ్ మనస్తత్వవేత్త రిచర్డ్ మెక్‌నాలీ 1999లో దీనిని 18వ శతాబ్దపు మెస్మర్ ప్రయోగాలతో పోల్చి వ్యాసమే వ్రాశాడు. ఫలితమంతా జ్ఞాపకాన్ని నేరుగా ఎదుర్కోవడంలోనే ఉన్నదనీ, కంటి కదలిక ఆభరణం మాత్రమేననీ విమర్శకుల మాట. ఏమైనా 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పి.టి.ఎస్.డి.కి దీనిని సిఫారసు చేసింది. వేలు ఊపడం ఎవరైనా నేర్వవచ్చు. లేచిన జ్ఞాపకాన్ని పట్టి ఆపడానికి శిక్షణ కావాలి.

అసలు చిక్కు మరొకటి. ప్రమాదమో భూకంపమో అయితే గురిపెట్టడానికి ఒక దృశ్యం దొరుకుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం తర్వాత ఈ పద్ధతి మన దేశంలో వేళ్ళూనడం యాదృచ్ఛికం కాదు. కాని ఏళ్ళ తరబడి పడిన దెబ్బల సంగతేమిటి? 1992లో జూడిత్ హెర్మన్ దానిని సంక్లిష్ట గాయమన్నది. 2022లో అమలుకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో అది వేరుగా చోటు సంపాదించింది. భయం, కలవరం మాత్రమే కాదు. ఉద్వేగాలు అదుపు తప్పడం, తాను పనికిమాలినవాణ్ణన్న నమ్మిక, ఎవరినీ దగ్గరకు రానీయలేకపోవడం దాని లక్షణాలు. ఇట్టివారిలో ఒక జ్ఞాపకాన్ని కదిపితే తీగె లాగితే డొంకంతా కదిలినట్టు అన్నీ లేచి వస్తాయి. కొందరు ఉన్నచోటనే మొద్దుబారిపోతారు. చికిత్సే గాయమవుతుంది.

అందుచేత వచ్చిన మార్పులన్నీ ఒక విధంగా జానే చెప్పిన వరుసకు తిరిగి వెళ్ళడమే. డెబొరా కోర్న్, ఆండ్రూ లీడ్స్ 2002లో వివరించిన పద్ధతిలో మొదట గాయం జోలికే పోరు. ఎప్పుడో గెలిచిన ఒక క్షణాన్నీ, ఆదరించిన ఒక మనిషినీ తలపునకు తెచ్చి, నెమ్మదైన కొద్దిపాటి కదలికలతో దానిని బలపరుస్తారు. జిమ్ నైప్ పద్ధతి మరింత జాగ్రత్తైనది. రోగి ఈ గదిలో, ఈ రోజున క్షేమంగా ఉన్నాడన్న ఎరుకను ముందు గట్టిచేసి, జ్ఞాపకంలోకి కొన్ని సెకన్లు మాత్రమే పోనిచ్చి, వెంటనే వెనక్కు పిలుస్తారు. గోడమీది బొమ్మ ఏమిటని అడుగుతారు, చేతికి బంతి విసురుతారు. లోతు తెలియని బావిలోకి మోకు కట్టి దించినట్టు! జర్మనీలో ఆర్న్ హాఫ్‌మన్ మామూలు క్రమాన్నే తలకిందులు చేసి, భవిష్యత్తు నుంచి మొదలుపెట్టి గతానికి చివరన వెళ్ళమన్నాడు. మెక్సికోలో 1997 నాటి పౌలీన్ తుపాను బాధితులతో పనిచేస్తూ లుసినా ఆర్తీగాస్ రూపొందించిన 'సీతాకోకచిలుక కౌగిలి'లో చేతులు రొమ్ముపై అడ్డంగా పెట్టుకొని తానే మార్చి మార్చి తట్టుకోవడం ఉంటుంది. ఈ ముందస్తు సన్నాహం ఎంతకాలమన్నది తేలని వివాదం. దానిని పొడిగించి అసలు చికిత్సను వాయిదా వేస్తున్నారని డి యోంగ్ మొదలైనవారు 2016లో ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు.

ఇప్పుడు పీఠభూమికి వద్దాం. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ చెప్పిన వేళకు రాదు, పంట వేరుశనగ, ఎండిన బోర్లు, వాటికోసం చేసిన అప్పులు. పొరుగునే, తల్లిజిల్లా బళ్ళారిలో, 1985 నుంచి 1990 వరకు బెంగళూరు నిమ్హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి పల్లెలకు మానసిక వైద్యం చేర్చి చూపారు. దేశవ్యాప్త జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి 1996లో అదే నమూనా అయింది. రాయదుర్గం తాలూకా 1953లో అనంతపురానికి రాకుండా బళ్ళారిలోనే ఉండి ఉంటే ఆ ప్రయోగంలో భాగమై ఉండేది. సరిహద్దు గీతల మహిమ ఇట్టిది. అయితే బళ్ళారి ప్రయోగం చూపు ప్రధానంగా తీవ్ర మనోవ్యాధులమీదా మూర్ఛమీదా నిలిచింది. కరువు గాయం అందులోనూ గడి లేకుండానే మిగిలింది.

రైతుల ఆత్మహత్యలు పెరిగాక, 2004 జూన్ 1న 421వ నంబరు జీవో వచ్చింది. కుటుంబానికి లక్ష, అప్పుల పరిష్కారానికి యాభై వేలు. మొత్తం 2015లో ఐదు లక్షలకూ, 2019లో ఏడు లక్షలకూ పెరిగింది. మంచిదే. కాని ఆ సొమ్ము అందాలంటే మరణం "నిజమైన" రైతు ఆత్మహత్యేనని రుజువు కావాలి. మండల స్థాయిలో తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి. ఆపైన ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకులు. ఒక ఇల్లాలిని ఊహించుకోండి. పురుగుమందు వాసన ఇంకా ఇంట్లోంచి పోలేదు. ఆ ఉదయం ఏమి జరిగిందో ఆమె వారందరికీ చెప్పుకోవాలి. ఎంత అప్పు, ఎవరి దగ్గర, తాగుడు అలవాటున్నదా, ఇంట్లో తగవులున్నాయా అన్నవాటికి జవాబులివ్వాలి. నూరేళ్ళకు పైగా నలిగి తేలిన వరుస ముందు నిలకడ, పిమ్మట జ్ఞాపకం అని. మన జీవో ఆ వరుసను తలకిందులు చేసింది: ముందు జ్ఞాపకం, అది నమ్మదగినదైతే నిలకడ. అధికారులు క్రూరులని కాదు. చాలామంది జాలిపడే ఉంటారు. కాగితమే అలా తయారైంది.

దీనితో పోలిస్తే 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం ఎక్కువ వైద్యం చేసిందని నా అభిప్రాయం. ఏడ్చి చూపించమని అడగకుండా పని ఇచ్చింది.

ఈ చికిత్సలో గురి మూడు వైపులా ఉంటుంది: గడచినది, నేడు దానిని రేపేది, రానున్నది. అనంతపురంలో రెండవది ఆకాశమే. మూడవది వచ్చే మృగశిర కార్తె. రాబోయే కష్టఘడియను ముందుగా మనస్సులో నడిపి, కంటి కదలికలతో దానిని తట్టుకునే బలం చేకూర్చడం షపీరో పద్ధతిలో చివరి మెట్టు. వాన వస్తుందని ఏ చికిత్సకురాలూ మాట ఇవ్వలేదు. కనుక ఊహించవలసినది వాన రాని మృగశిరనే. విత్తనం ఇంకా బస్తాలోనే ఉన్నది, అప్పులవాడు అరుగుమీద కూర్చున్నాడు, ఆమె రెండు పాదాలూ నేలకు ఆనించి అతనికి జవాబు చెబుతున్నది.