తయారీదారు స్పందించనిచో కడపలోనే ఫిర్యాదు

ప్రెషర్ కుక్కర్‌లో ప్రమాదకర లోపమున్నదని లేఖలు వ్రాసినా తయారీ సంస్థ బదులివ్వని పక్షంలో, మైదుకూరు వినియోగదారుడు ఆ సంస్థ ఉన్న నగరానికి వెళ్ళనవసరం లేదు. 2020లో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం, తాను నివసించే జిల్లాలోనే, అనగా కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. గడువు రెండేళ్ళు, వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. పాడైన కుక్కర్‌ను మాత్రం పాత సామానుకు వేయరాదు. లోపం నిర్ధారణకు కమిషన్ దానినే ప్రయోగశాలకు పంపవలసి రావచ్చును.

1915 సహాయవాణి రాజీకి తోడ్పడునే గాని తీర్పు చెప్పదు. ఇతరులకూ అపాయమున్నచో జిల్లా కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలుపవచ్చును. ప్రమాదకర వస్తువులను వెనక్కు రప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు గలదు. ఆన్‌లైన్‌లో అమ్ముడైన, తప్పనిసరి ప్రమాణాలకు లోబడని 2,265 కుక్కర్లపై 2022లో ఆ సంస్థ అట్టి ఆదేశమే ఇచ్చినది.